కృపానిధి లిస్టు తప్పు చెప్పదు

కృపానిధి తండ్రిని ఎరిగున్నవాళ్లు అనకాపల్లిలో ఇంకా ఉన్నారు. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు ఆయన. ముప్పై ఏళ్ల పాటు శుభలేఖలు, సినిమా కరపత్రాలు, బెల్లం మార్కెట్టు బిల్లు పుస్తకాలు పేర్చి, ఒక్క అచ్చుతప్పు కూడా యజమాని కంట పడనివ్వలేదని పేరు. తప్పులు చెయ్యలేదని కాదు. చేసినవాటిని ఎవరూ చూడకముందే దిద్దేసేవాడు. తప్పులున్న ప్రూఫు యజమాని బల్ల మీదకి పోకూడదన్నది ఆయన నియమం. చచ్చిపోతూ కొడుక్కి వదిలిన ఆస్తి కూడా అదొక్కటే. కృపానిధి దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాడు. దానివల్ల దెబ్బ తగిలింది మాత్రం ఇంకొకరికి.

కాలం మారి ప్రెస్సులోని సీసం తూకానికి అమ్ముడుపోయింది. అదే గదిలోకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. యజమాని త్రినాధరావు బోర్డు మీద ప్రెస్సు అన్న మాట చెరిపించి గ్రాఫిక్స్ అని రాయించాడు. డిగ్రీ రెండుసార్లు తప్పి, విశాఖలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసొచ్చిన కృపానిధి తండ్రి నిలబడ్డ చోటే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా చేసిన పని ఒకటే ఉంది. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో అతనికో చిన్న ప్రోగ్రాం దొరికింది. యూనిక్స్ అనే వేరే రకం మిషన్ల కోసం ఎవరో తెల్లవాళ్లు రాసుకున్నది. నల్ల తెర మీద రెండక్షరాలు కొడితే చాలు, డిస్కులో ఉన్న ఫైళ్లన్నీ వరసగా చూపిస్తుంది. షాపులో ఉన్న విండోస్ మీద అది నడవదు. నడిపించి తీరతానని కృపానిధి పంతం పట్టాడు. దాన్ని పోర్టు చెయ్యడం అంటారని అందరికీ చెప్పాడు, ఎవరికీ అర్థం కాలేదు. పదకొండు నెలలు కుస్తీ పడితే చివరికి నడిచింది. అందులో నాలుగు వేల లైన్లు తెల్లవాళ్లవి. ఏ ఫైలు ఎప్పుడు పుట్టిందో విండోస్‌ని అడిగి తెచ్చే పన్నెండు లైన్లు కృపానిధివి. ఆ పన్నెండు లైన్లెక్కి మనిషి ఊరంతా ఊరేగాడు.

లిస్టు తీసిన తారీకు, టైము కాగితం నెత్తిన పడేలా ఇంకో లైను కూడా చేర్చాడు. ఎప్పుడు తీశానన్న దాని మీద ఏ వెధవా అబద్ధమాడటానికి వీల్లేదు అని దాని గురించి చెప్పుకునేవాడు. షాపులో కొత్తగా ఎవరు చేరినా ముందు నేర్పే పాఠం అదే, కాగితం చేతికి రాగానే పైలైను చూడు అని. త్రినాధరావుకి ఈ లిస్టు తెగ నచ్చింది. పనివాళ్లలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో కూర్చున్న చోటే తెలిసిపోతుంటే ఏ యజమానికి చేదు? ప్రతి శనివారం సాయంత్రం తొమ్మిది పేజీల లిస్టు తీసి, క్యాలెండరు పక్కన మేకుకి గుచ్చేవారు. రెండేళ్ల శనివారాలు ఆ మేకుకి వేలాడుతూ ఉండేవి. దానికి కృపా లిస్టు అని పేరు పడింది. దాన్ని ఎవరైనా పూర్తిగా చదివారా అంటే, ఒక్కరూ లేరు.

ఆ షాపులోనే నూకరత్నం అనే పిల్ల పనిచేసేది. కొండకర్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి పైడిరాజుకి రెండెకరాల చెరకు. తెలుగు కీబోర్డు ఆమెకి నేర్పింది కృపానిధే. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె అతని కంటే వేగంగా కొట్టేది. ఆ పిల్లకి గురువుని నేనే అని నలుగురిలో చెప్పుకునేవాడు, వేగం సంగతి మాత్రం మింగేసేవాడు. ఆమె అతన్ని నోరారా అన్నయ్యా అని పిలిచేది. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ భోజనానికి ఇళ్లకి పోతే, ఇల్లు దూరం గనక రత్నం ఒక్కతే సగం దించిన షట్టరు లోపల క్యారేజీ విప్పుకుని తినేది. రెండింటికి మళ్లీ అందరూ వచ్చేవారు.

రెండు వేల నాలుగు మార్చిలో రత్నానికి ఒక దారి కనబడింది. మండలాఫీసుల్లో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ పోస్టులు పడ్డాయి. టైపింగు పరీక్షలో ఆమె మొదటి వరసలో నెగ్గింది. ఏప్రిల్ పదిహేను, గురువారం, ఆ ఊరి మాటలో లక్ష్మివారం, విశాఖలో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూకి పోవాలంటే రెండేళ్లు ఫలానా చోట పనిచేసిందని యజమాని సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి. ఆమె రెండున్నరేళ్లు పనిచేసింది. అడగడమే తరువాయి అనుకుని, పరీక్షల పేపర్ల హడావుడి తగ్గాక అడుగుదామని ఊరుకుంది.

ఆ హడావుడి ఏమిటంటే, ఊళ్లోని ప్రైవేటు స్కూళ్లన్నీ కలిసి వార్షిక పరీక్షల పేపర్లు ఆ షాపులోనే టైపు కొట్టించి కట్టించుకునేవి. మార్చి ఆఖరికల్లా పేపర్లు తయారై సీలు పడ్డాయి. ఏప్రిల్ నాలుగు ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, షాపుకి సెలవు. ఐదో తారీకు సోమవారం షాపు తెరిస్తే రెండు కంప్యూటర్లలోనూ గడియారం సరిగ్గా గంట ముందుంది. రాజశ్రీ అనే ఇంకో ఆపరేటరు గోడ గడియారం చూసి రెండిట్లోనూ సరిచేసింది. బ్యాటరీ వీకయ్యింది అన్నాడు కృపానిధి. ప్రతి ఏప్రిల్లోనూ ఇదే మాట అనేవాడు. అక్టోబరు పోయేటప్పుడు గడియారం గంట వెనకబడితే అప్పుడూ ఇదే మాట. రెండు మిషన్ల బ్యాటరీలు కూడబలుక్కుని ఏటా ఒకే రోజున ఎలా నీరసిస్తాయని ఆ షాపులో ఒక్క పురుగుకీ అనుమానం రాలేదు.

ఏడో తారీకు బుధవారం పొద్దున్న తొమ్మిదో తరగతి లెక్కల పేపరు బజార్లో జెరాక్సు కాపీలుగా తేలింది. పరీక్ష ఆపేశారు. పదకొండు గంటలకల్లా మూడు స్కూళ్ల కరస్పాండెంట్లు షాపులో కూర్చున్నారు. త్రినాధరావు చెమటలు తుడుచుకుంటూ కృపానిధిని లిస్టు తియ్యమన్నాడు. కృపానిధికి పండగొచ్చినట్టయ్యింది. తన ప్రోగ్రాం ఇంతమంది పెద్దమనుషుల ముందు నడవడం అదే మొదలు. రెండో మిషనులో, చీట్లపేక ఆట ఉన్న ఫోల్డరులో, ఆ లెక్కల పేపరుకి ఒక నకలు దాగి ఉంది. అది ఎప్పుడు పుట్టిందో ఎదురుగా అంకెల్లో ఉంది. గట్టిగా చదవమన్నాడు త్రినాధరావు.

మార్చి ముప్పై, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అని చదివాడు కృపానిధి.

గదిలో ఉన్న తలకాయలన్నీ ఒకేసారి రత్నం వైపు తిరిగాయి. ఒంటిగంట ఇరవైకి షాపులో ఉండేది ఆమె ఒక్కతే. ఆమె మాత్రం ఎవరి వైపూ చూడలేదు, కృపానిధి వైపే చూసింది.

"అన్నయ్యా, నేను ఆ మిషను ముట్టుకోలేదు. నీకు తెల్సు కదా. సెప్పు," అంది.

కృపానిధి పెద్దమనుషుల వంక ఒకసారి చూసి గొంతు సర్దుకున్నాడు. "లిస్టు తప్పు సెప్పదు రత్నం," అన్నాడు.

ఆ మాట చాలు వాళ్లకి. సంచీ బోర్లించారు. క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పించారు. అన్నంలో ఫ్లాపీలు దాచుకుంటారా అని అడిగే బుద్ధి ఒక్కడికీ లేకపోయింది. ఆనపకాయ కూర, ఒక కోడిగుడ్డు బయటపడ్డాయి. ఒప్పుకుంటే పోలీసులకి అప్పజెప్పం అన్నారు. ఒప్పుకోనందుకు నిలబెట్టారు. కొండకర్లకి కబురు వెళ్లి పైడిరాజు వచ్చేదాకా, నాలుగు గంటల సేపు, ఆ పిల్ల ప్రింటరు పక్కన నిలబడే ఉంది. కాళ్లు మార్చుకుంటూ నిలబడుతుంటే రాజశ్రీ స్టూలు జరపబోయింది. త్రినాధరావు కళ్లెర్రజేసేసరికి మళ్లీ వెనక్కి లాక్కుంది. ఎదురుగానే కృపానిధి తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ నాలుగు గంటల్లో అతను లేచింది టీకి మాత్రమే.

పైడిరాజు మంచివాడే, కాని పెద్దమనుషులంటే భయం. సంగతి సగం వినగానే, అందరి ముందూ, కూతురి చెంప పగలగొట్టాడు. కొట్టినందుకు కరస్పాండెంట్లు ఆయన్ని మెచ్చుకున్నారు. పరువున్న రైతు అన్నారు. త్రినాధరావు మజ్జిగ తెప్పించి ఇచ్చాడు.

పోతూ పోతూ రత్నం ఒక్కటే అడిగింది. "ఈ నెల జీతం ఉంచీసుకోండి బాబూ. ఎక్స్‌పీరియన్సు సర్టిఫికెట్టొక్కటి ఇప్పించండి. పదిహేనో తారీకు లచ్చివారం ఇంటర్వ్యూ."

దొంగకి సర్టిఫికెట్టు కూడానా అని త్రినాధరావు నవ్వాడు. కరస్పాండెంట్లూ నవ్వారు. ఆ నవ్వులో కృపానిధి కలిశాడో లేదో రాజశ్రీకి కూడా సరిగా గుర్తులేదు. పదిహేనో తారీకన్న మాట మాత్రం అతను విన్నాడు.

మంచి శుక్రవారం నాడు చర్చిలో కృపానిధి కన్నీళ్లు కార్చాడు. ఏటా కారుస్తాడు, అది రత్నానికి సంబంధించింది కాదు. ఈస్టరు నాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. లెక్కల పేపరు దొంగని ఒక్క కమాండుతో పట్టేశాడట కదా అని చర్చి మెట్ల మీద ఇద్దరు ముగ్గురు చెయ్యి కలిపితే, వద్దనకుండా కలిపించుకున్నాడు.

పన్నెండో తారీకు సోమవారం తల్లి దీవెనమ్మ ఒక పని చెప్పి పంపింది. మార్చి ఇరవై ఏడున పోయిన మేనత్తకి జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు, దానికి కార్డు కట్టాలి. భూస్థాపన నాడు పాటల కాగితం కట్టిన ఫైలు ఉంటే అందులోంచే తీసుకోవచ్చని కృపానిధి లిస్టు తీశాడు. ఫైలు దొరికింది. పుట్టిన టైము పన్నెండూ ఇరవై అయిదు అని ఉంది.

అతను ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. ఆ రోజు పదకొండున్నర లోపే ఆ కాగితం కట్టి, యాభై కాపీలు తీసుకుని పరిగెత్తాడు. పన్నెండూ ఇరవై అయిదుకి అతని భుజం మేనత్త పెట్టె కింద ఉంది. ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకోవడం కూడా గుర్తుంది. ఒక మనిషి శవపేటిక మోస్తూ షాపులో ఫైలు సేవ్ చెయ్యలేడు.

లేచి, మేకుకి ఉన్న కాగితాల్లోంచి ఏప్రిల్ మూడు శనివారం నాటి లిస్టు లాగాడు. అదే ఫైలు, పదకొండూ ఇరవై అయిదు. పేజీ తిప్పి, చీట్లపేక ఫోల్డరు దాకా వెళ్లాడు. లెక్కల పేపరు నకలు అక్కడ కూడా ఉంది. మార్చి ముప్పై, పన్నెండూ ఇరవై. ఒంటిగంట ఇరవై కాదు.

అది ఎక్కడో దాచిన సాక్ష్యం కాదు. ఆ పిల్లని నాలుగు గంటలు నిలబెట్టిన గదిలోనే, ఆమె తలకి మూరెడు ఎత్తులో, మేకుకి వేలాడుతూ ఉంది. తొమ్మిది పేజీలు తిప్పే ఓపిక ఒక్కరికి ఉంటే చాలు. పన్నెండూ ఇరవైకి షాపులో ఆరుగురున్నారు, రత్నం మొదటి మిషను మీద పెళ్లికార్డు కొడుతోంది. నిజం తేలడానికి ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు తెర మీదున్న లిస్టుని ప్రింటు తీసి, రెండు కాగితాలూ పట్టుకుని కృపానిధి త్రినాధరావు బల్ల వైపు నడిచాడు. నాలుగడుగులు కూడా పట్టదు. రెండో అడుగులో ఆగాడు. యజమాని ఏమంటాడు? ఎందుకు తప్పు చూపించింది, తప్పు ఎవరిది అంటాడు. చేతిలో ఉన్నది తప్పుల ప్రూఫు. తండ్రి ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అలాంటి కాగితం ఆ బల్ల మీద పెట్టలేదు. దిద్దాక చూపించొచ్చు, ఒక్క పూట పని, అనుకుని వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. రెండు కాగితాలూ మడిచి సొరుగులో పెట్టాడు. సోమవారం పొద్దున్న పదీ నలభై అయిదు. లక్ష్మివారానికి ఇంకా మూడు రోజులుంది.

సాయంత్రం దాకా వెతికితే ఒక పూట పని కాదని తేలింది. కొత్తగా ఒక ఫైలు చేసి లిస్టు తీస్తే టైము సరిగానే చూపిస్తోంది. నిన్నటి ఫైళ్లూ సరిగానే ఉన్నాయి. మార్చివన్నీ ఒక గంట ఎక్కువ. విండోస్‌ని నేరుగా అడిగినా అదే తప్పు చెబుతోంది. మంగళవారం మేకు మీది రెండేళ్ల శనివారాలన్నీ దించి నేల మీద పరుచుకుని, ఒక్కొక్క ఫైలునీ అది పుట్టిన వారం లిస్టులో చూసి, ఇప్పటి లిస్టుతో పోల్చాడు. నవంబరు నుంచి మార్చి దాకా పుట్టిన ప్రతి ఫైలుకీ గంట తేడా. అంతకుముందు వానాకాలంలో పుట్టినవాటికి నిమిషం కూడా తేడా లేదు. చలికాలం ఫైళ్లకి మాత్రమే పట్టే జబ్బేమిటో అతనికి అంతుచిక్కలేదు. అంతుచిక్కని కొద్దీ ఉత్సాహం వచ్చింది. అసలు ఘోరం అదే. మనిషి ఆ రోజు ఆనందంగా ఉన్నాడు. పదకొండు నెలల కుస్తీ రోజులు తిరిగొచ్చినట్టు, అన్నం సంగతి మరిచిపోయి, గొంతులో పాట కూనిరాగం తీస్తూ వెతికాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర తల్లికి చెప్పాడు. రత్నం తియ్యలేదని చెప్పడానికి కాదు, ఈ విచిత్రం ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టదు గనక. దీవెనమ్మకి ఫైళ్లంటే ఏమిటో తెలీదు. అంతా విని, చెయ్యి కడుక్కోమంది.

"పోగ్రాం తరవాతైనా దిద్దుకోవచ్చురా. ముందు ఆ పిల్లకి సెప్పు. లచ్చివారం దాటిపోతే నువ్వేటి దిద్దినా దానికేటి?"

రేపు పూర్తవుతుందమ్మా, దిద్దింది పట్టుకుని వెళితేనే నమ్ముతారు అన్నాడు. రేపు అంటే బుధవారం. బుధవారమంతా తెల్లవాళ్ల నాలుగు వేల లైన్లూ గాలించాడు. తప్పు వాళ్లదే అయ్యుంటుందని అతనికి గట్టి నమ్మకం. తన పన్నెండు లైన్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం పన్నెండు దాటాక త్రినాధరావు బామ్మరిది కన్నబాబు వచ్చాడు. రోజూ ఆ వేళకి వచ్చి, భోజనం వేళయ్యేదాకా రెండో మిషను మీద చీట్లపేక ఆడిపోతాడు. వీధి చివర ట్యూషన్ సెంటరు నడుపుతాడు, ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు. కృపానిధి తల ఎత్తి చూశాడు. కన్నబాబు పేకముక్కలు కదుపుతున్నాడు. గోడ మీద పన్నెండూ ఇరవై అయ్యింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఏటి బావా, మూడ్రోజుల్నుంచి ఆ అచ్చరాల్లో ఏటెతుకుతన్నావు?" అన్నాడు కన్నబాబు.

ఏం లేదు బావా, చిన్న తేడా వచ్చింది అన్నాడు కృపానిధి. యజమాని బామ్మరిదికి భయపడి కృపానిధి ఆగిపోయాడని తర్వాత కొందరు అతన్ని వెనకేసుకొచ్చారు. అది కాదు. కన్నబాబు పేరు ఎత్తకుండానే రత్నాన్ని బయటపడెయ్యొచ్చు. టైము ఒంటిగంట ఇరవై కాదు అంటే చాలు. ఆ ఒక్క ముక్క అనడానికి ముందు తన ప్రోగ్రాం తప్పు చెప్పిందనాలి. అది అతని నోట రాలేదు.

లక్ష్మివారం పొద్దున్న తొమ్మిదికి, వెతకడానికి ఇంకెవరి లైన్లూ మిగల్లేదు గనక, కృపానిధి తన పన్నెండు లైన్లు తెరిచాడు. పావుగంటలో దొరికింది. విండోస్ ఎక్కించేటప్పుడు మీది ఏ దేశం అని అడుగుతుంది. ఆ షాపులో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోతే అమెరికా పడమటి తీరం అనుకుంటుంది. వీళ్లు గోడ గడియారం చూసి అంకెలు మాత్రం తిప్పుకున్నారు, దేశం మార్చలేదు. ఆ దేశంలో ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుకుంటారు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి జరుపుకుంటారు. అనకాపల్లిలో కూర్చున్న మిషను ఏటా తూచా తప్పకుండా ఆ పద్ధతి పాటించింది. బ్యాటరీకి ఏ రోగమూ లేదు. ఇక కృపానిధి లైన్లేమో, మిషను లోపల దాచుకునే టైముకీ బయట చూపే టైముకీ ఫైలు పుట్టిన రోజున తేడా ఎంతో చూసుకోవాల్సింది పోయి, ఈ రోజు తేడా ఎంతో అడిగి పాత ఫైళ్లన్నిటికీ అదే అంటగట్టేవి. మట్టల ఆదివారం దాటగానే చలికాలపు ఫైళ్లన్నీ గంట ముందుకి జరిగిపోయాయి. వాటితో పాటు పన్నెండూ ఇరవైకి చేసిన దొంగతనం కూడా జరిగి, ఒంటిగంట ఇరవైకి అన్నం తింటున్న పిల్ల మీద పడింది.

దిద్దడానికి రెండు గంటలు పట్టింది. ప్రతి ఫైలునీ అది పుట్టిన వారం లిస్టుతో పోల్చి చూసుకున్నాడు. ఒక్క తేడా లేదు. పదకొండున్నరకి కొత్త లిస్టు ప్రింటు తీసి, టీ తెప్పించుకుని తాగి, తండ్రి బతికుంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాడు. అప్పుడు వెళ్లి త్రినాధరావు బల్ల మీద మూడు కాగితాలూ పరిచాడు. ఏప్రిల్ మూడు నాటిది, సోమవారం నాటిది, ఇవాళ్టిది. సోమవారం నుంచి ఎలా వేటాడాడో పూసగుచ్చినట్టు చెప్పాడు.

త్రినాధరావు అంతా విన్నాడు. పన్నెండూ ఇరవై అన్న అంకె చూసి, రెండో మిషను ముందున్న ఖాళీ కుర్చీ వంక చూశాడు. స్కూళ్లవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదన్నాడు, ఊరు మరిచిపోతోంది, కెలకొద్దన్నాడు. తర్వాత సొరుగులోంచి లెటర్‌హెడ్ తీసి, కృపానిధి అడగకుండానే, నూకరత్నం రెండున్నరేళ్లు మా దగ్గర నమ్మకంగా పనిచేసింది అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి ఇచ్చాడు. అంతా కలిపి రెండు నిమిషాలు.

"సోమారం నాడే ఈ రెండు కాయితాలు సూపిస్తే సోమారం నాడే ఇచ్చీవాడిని గదరా. నాకేటి పోయింది?" అన్నాడు.

కొండకర్లలో బస్సు దిగేసరికి మూడు కావస్తోంది. రత్నం ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఒంటి మీద ఇస్త్రీ చీర ఇంకా అలాగే ఉంది, కుచ్చిళ్ల అంచుకి మాత్రం రోడ్డు దుమ్ము పట్టింది. పొద్దున్నే మొదటి బస్సుకి విశాఖ వెళ్లొచ్చింది. సర్టిఫికెట్ ఏదని గుమ్మంలోనే అడిగారు. ఒక్క రోజు గడువిమ్మంది. తర్వాతి పేరు పిలిచారు. ఈ సంగతంతా పైడిరాజు చెప్పాడు.

కృపానిధి సర్టిఫికెట్ ఆమె పక్కన పెట్టాడు. పక్కనే మూడు లిస్టులూ పరిచి మొత్తం చెప్పాడు. అమెరికా సంగతి, చలికాలం ఫైళ్ల సంగతి, పన్నెండు లైన్ల సంగతి. చెబుతుంటే మళ్లీ ఉత్సాహం వచ్చేసింది, చేతులు కూడా తిప్పాడు. పైడిరాజుకి చివరికి ఒక్క ముక్క అర్థమయ్యింది.

"అయితే మా పిల్ల తియ్యలేదా?" అన్నాడు. తియ్యలేదని కృపానిధి అన్నాక ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "మరి అందరి ముందూ కొట్టేను గదా బాబూ," అన్నాడు. చెయ్యి పంచెకి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు.

రత్నం చింతపండు చెయ్యి చీరకి తగలకుండా, రెండు వేళ్లతో మధ్య కాగితం పట్టుకుని ఎత్తింది. అతను నేర్పినట్టే ముందు పైలైను చూసింది. పన్నెండు, నాలుగు, రెండు వేల నాలుగు. పదీ నలభై.

"ఇది సోమారం తీసేవు," అంది.

"తీసేను. కానీ తప్పు ఎక్కడుందో తెలీకుండా ఎలాగ తెస్తాను రత్నం? దిద్దీసి తెద్దామని..."

"దిద్దీసేవా?"

"దిద్దీసేను. ఇంక నిమిషం తేడా రాదు."

ఆమె ఆ కాగితాన్ని మిగతా రెండిటితో కలిపి, అంచులు సమంగా సర్ది, సర్టిఫికెట్ కూడా పైన పెట్టి, అన్నీ అతని చేతికే ఇచ్చేసింది.

"అవును. నీ లిస్టు తప్పు సెప్పదు కదా అన్నయ్యా," అని, మళ్లీ చింతపండు ముందుకి లాక్కుంది.

కృపానిధి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాడు. మర్నాడు శుక్రవారం, షాపు తెరవగానే, ప్రోగ్రాం మళ్లీ ఒకసారి విప్పాడు. కాగితం నెత్తిన తారీకు, టైము పడే లైను అందులోంచి తీసేశాడు. శనివారం లిస్టు మేకుకి గుచ్చుతూ త్రినాధరావు ఆ లైను ఏమైందని అడిగితే, కాగితం కలిసొస్తుందని తీసేశానన్నాడు.